ఖాళీ గొట్టంలో నలుపు

మొన్న హూడి నుంచి నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ మా మనవరాలు వర్తూరు చెరువు పక్కదారి పట్టింది. చెరువు మీద నురుగు తెల్లగా గుట్టలు గుట్టలుగా నిలిచి ఉంది. ఒక మలుపు దగ్గర కారు ఆగగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పున లోపలికి కొట్టింది. పిల్ల "ఛీ" అంటూ గబగబా అద్దాలు ఎక్కించి, "అవ్వా, ముక్కు మూసుకో" అంది. నేను మూసుకోలేదు. ఉలిక్కిపడి సీటు అంచు పట్టుకున్నాను. తొంభై దాటిన దాన్ని, ఒక చెరువు కంపుకి ఇంతగా అదిరిపోవడమేమిటని నాకు నవ్వు రావాలి. రాలేదు. అది ఒకప్పటి మా ప్రయోగశాల వాసన. ఆ వాసన తగిలితే చాలు, తెల్లటి పింగాణీ పలక మీద నిలబెట్టిన గాజు గొట్టాలు, వాటి మీదికి వంగి ఒక కన్ను మూసి చూస్తున్న ఒక మనిషి నా ముందు నిలుస్తారు. ఆయన పేరు గోవిందప్ప గారు. ఆయన్ని ఎరిగినవాళ్ళలో నేను తప్ప ఎవరూ మిగిలి లేరనుకుంటాను. అందుకే ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. మగవాళ్ళు చాలామంది పట్టాళానికి, పట్టాళం పనులకి వెళ్ళిపోవడంతో బెంగళూరులో ఆడపిల్లలకు కూడా అక్కడక్కడా ఉద్యోగాలు దొరికేవి. నేను కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చదివి, ఇంట్లో అందరితో పోట్లాడి, యశ్వంతపురం వైపున్న ఒక మందుల రసాయనాల ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ ముఖ్యంగా తయారయ్యేది సిట్రేటు అనే తెల్లటి ఉప్పు. గాయపడ్డవాళ్ళకు ఎక్కించే రక్తం సీసాలో గడ్డకట్టకుండా దాన్ని కలుపుతారు. నేరుగా మనిషి నరాల్లోకి పోయేది కాబట్టి అందులో సీసం లాంటి విషలోహం అణువంత కూడా ఎక్కువ ఉండకూడదు. ఆ సంగతి తేల్చవలసిన గది మాది. ఆ గదికి పెద్ద గోవిందప్ప గారు. పొట్టి మనిషి, తలకు జరీ అంచు మైసూరు తలపాగా, నుదుట సన్నని కుంకుమ గీత, మోచేతుల దాకా మడిచిన తెల్లకోటు. ఆయనతో నాకు కన్నడం మాట్లాడవలసిన పని లేకుండా పోయింది. ఆయనదీ మాలాగే తరతరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబమే.

పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను, చాలా తేలిక. ఒకే పొడవు, ఒకే లావు ఉండే గాజు గొట్టాలు తీసుకుంటాం. ఒకదానిలో సిట్రేటును శుద్ధమైన నీళ్ళలో కరిగించి, కాస్త ఆమ్లం వేసి, కొన్ని చుక్కల సల్ఫైడు వేస్తాం. కోడిగుడ్డు కంపు దానిదే. ఉప్పులో సీసం ఉంటే నీళ్ళు గోధుమరంగుకి, మరీ ఎక్కువ ఉంటే నలుపుకి తిరుగుతాయి. ఇంకో గొట్టంలో మాకు తెలిసినంత సీసం వేసి ఉంచి, రెండింటినీ పైనుంచి చూసి రంగు పోలుస్తాం. మొదటి రోజు నేను ఈ పనంతా చకచకా చేసేసి, గోవిందప్ప గారి ముందు పెట్టి, మెచ్చుకుంటారని నిలబడ్డాను.

ఆయన గొట్టాల వైపు చూడనే లేదు. "దేన్ని పరీక్ష చేసినావమ్మా?" అన్నారు.

"సిట్రేటు సార్."

"నీళ్ళను చేసినావా?"

"నీళ్ళనేందుకు సార్?"

"నీళ్ళు, ఆమ్లం, గొట్టం, నీ చేయి. ఇవన్నీ ఉండాయి కదా ఆ పరీక్షలో? వాటిని చూడకుండా ఉప్పును ఒక్కదాన్నే బోనులో నిలబెడితే ఎట్ల?"

ఉప్పు వేయకుండా మిగతావన్నీ వేసి చేసే పరీక్షని బ్లాంకు అంటారు. మేము దాన్ని ఖాళీ గొట్టం అనేవాళ్ళం. కాలేజీలో చదివానే గాని ఎప్పుడూ చేసిన పాపాన పోలేదు. గోవిందప్ప గారు నా చేత చాలా రోజులు ఉప్పు ముట్టనివ్వకుండా ఖాళీ గొట్టాలే చేయించారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమీ లేనిదాన్ని పరీక్ష చేసి, ఏమీ లేదని చెప్పడం. చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరైందని ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. "ఆయప్పకు పని లేదు, నీకు బుద్ధి లేదు, సుమ్నే ఇంట్లో కూర్చోక పోయినావు చూడు" అని మా అమ్మ సంతోషంగా దెప్పింది.

ఆ గాజు గొట్టాలంటే ఆయనకు ప్రాణం. విదేశాల నుంచి వచ్చే సరుకు ఓడల్లేక ఆగిపోయింది. ఒకటి పగిలితే దానికి జోడీ మళ్ళీ దొరకదు. సాయంత్రం కాగానే వాటిని ఆయనే స్వయంగా కడిగి, తన పాత పంచె ముక్కల్లో చుట్టి పెట్టేవారు. కడిగిన గొట్టం లోపల నీళ్ళు చుక్కలుగా నిలబడితే అది కడగనట్టే లెక్క, మళ్ళీ మొదలు. బాలింత బిడ్డకు నీళ్ళు పోసినట్టు పోస్తున్నారని నేను లోపల నవ్వుకునేదాన్ని. ఒకసారి ఉప్పు రంగు కాస్త ముదురుగా వస్తే, మేనేజరు వచ్చి ఇంత చిన్న తేడాకి సరుకు ఆపితే ఎలాగని, ఇది యుద్ధకాలమని గోల పెట్టాడు. గోవిందప్ప గారు గొంతు పెంచలేదు. "గుండు దెబ్బ తిని పడుండేవానికి మన చేత్తో ఇంకొక దెబ్బ వేయల్లనా సార్?" అన్నారంతే. ఆ సరుకు వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి నేను ఆయన మీద నవ్వడం మానేశాను.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. నగర్తపేటలో మాది పూజాసామాన్ల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మా నాయన అమ్మే కుంకుమకు పేటంతా పేరు. గుళ్ళకు, పెళ్ళిళ్ళకు మా కుంకుమే కావాలనేవాళ్ళు. అంత ఎరుపు, అంత నిగనిగ ఇంకో అంగట్లో ఉండేది కాదు. దాన్ని కలిపి, దంచి, పల్చటి బట్టలో జల్లించే పని వెనక వసారాలో జరిగేది. ఆ పని మా వదినది. వదిన పేరు లక్ష్మమ్మ, కె.ఆర్.పురం పిల్ల. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి వసారాలో కూర్చుని జల్లిస్తూనే ఉండేది. మోచేతుల దాకా ఎరుపు, కనురెప్పల మీద ఎరుపు, దగ్గితే గొంతులోంచి ఎరుపు. మధ్యాహ్నం చేతులు ఇట్టే కడుక్కుని, సంగటి ముద్ద తిని మళ్ళీ కూర్చునేది.

వదినకు కడుపు నిలిచేది కాదు. నెల తప్పడం, అందరూ సంబరపడటం, మూడో నెలో నాలుగో నెలో రాగానే మంచం పట్టడం. ఇలా ఎన్నిసార్లు జరిగిందో. మనిషి పాలిపోయింది. కడుపులో మెలిపెట్టే నొప్పని చుట్టచుట్టుకుపోయేది. చేతిలోంచి చెంబులు, గిన్నెలు జారిపోయేవి. గిన్నె పడ్డ చప్పుడు వినగానే మా అమ్మ, "దీని చేతిలోనూ ఏదీ నిలవదు, కడుపులోనూ నిలవదు" అనేది, వీధిలోకి వినబడేట్టు. వదిన ఎదురుచెప్పేది కాదు. వంగి గిన్నె తీసుకునేది. ఆ ఏడు దసరా నాటికి మా అన్నకు ఇంకో సంబంధం చూశారు. హొసకోట వాళ్ళు. పండగ వెళ్ళాక మనిషిని చూడటానికి వస్తామన్నారు. వదినను పుట్టింటికి పంపేస్తారన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు. అన్న నోరు మెదపలేదు. నేను గట్టిగా అరిచాను గాని, ఉద్యోగం చేసే ఆడపిల్ల అరుపుకి మా ఇంట్లో విలువ లేదు. "నీ పెళ్ళి సంగతి చూసుకో ముందు" అన్నారు.

ఆయుధపూజ వచ్చింది. బెంగళూరులో ఆయుధపూజంటే తెలియనివాళ్ళకు ఏం చెప్పను! మేకు కొట్టే సుత్తికి కూడా ఆ రోజు బొట్టు పడుతుంది. ఫ్యాక్టరీలో బట్టీలు, పంపులు, త్రాసులు, లారీలు అన్నీ కడిగి, పూలు చుట్టి, మూడు వేళ్ళతో విభూతి, నడుమ కుంకుమ. గేటు దగ్గర బూడిదగుమ్మడికాయకు రంధ్రం చేసి, నిండా కుంకుమ పోసి పగలగొట్టాలి. కుంకుమ మా అంగడిదే. నాయన పెద్ద పొట్లం కట్టి, "మా రాజమ్మ పనిచేసే తావు, దుడ్డు లేకుండా సుమ్నే ఇస్తా ఉండానని చెప్పు" అని నా చేతికిచ్చాడు. నేను గర్వంగా తీసుకెళ్ళాను. గోవిందప్ప గారు తలస్నానం చేసి వచ్చి, మా గదిలో పూజ తానే చేశారు. త్రాసుకు, కిటికీకి, నీళ్ళు శుద్ధి చేసే బట్టీకి, ఆ నీళ్ళు పట్టే పెద్ద గాజు జాడీ మెడకు తన ఉంగరపు వేలితో ఒద్దికగా బొట్లు పెట్టారు. జాడీకి పెట్టిన బొట్టు మరీ పెద్దదైందని నేనే అన్నాను. "నీళ్ళే కదమ్మా మన గదికి అమ్మవారు, పెద్ద బొట్టే ఉండనీ" అన్నారు నవ్వుతూ. ఆయన అంతలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

పండగయ్యాక పని మొదలైంది. కొత్త సరుకు వచ్చింది. నేను మూడు గొట్టాలు పెట్టి సల్ఫైడు వేశాను. ఉప్పున్న గొట్టం నా కళ్ళముందే టీ డికాక్షను రంగుకి తిరిగింది. "సార్, సరుకంతా చెడిపోయింది. బట్టీవాళ్ళు సీసం అతుకులు వేసిన పైపేదో పెట్టేసినట్టున్నారు. వాళ్ళను పిలిపించండి" అని అరిచాను.

గోవిందప్ప గారు లేచి వచ్చారు. కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఖాళీ గొట్టం చూడమ్మా."

చూశాను. ఖాళీ గొట్టం కూడా గోధుమరంగే. ఉప్పు లేదు, ఏమీ లేదు, ఉత్త నీళ్ళు. అందులో సీసం.  అన్ని రోజులు నేను చేసిన ఖాళీ గొట్టాలన్నీ గాజులా తెల్లగా ఉండేవి. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయనే మళ్ళీ చేశారు. మళ్ళీ అదే. పండగకు ముందు పట్టి మూత బిగించి దాచిన నీళ్ళ సీసా ఒకటి ఉంటే, దాంతో చేశారు. ఆ నీళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ నీళ్ళతో చేస్తే ఉప్పు కూడా శుభ్రంగానే ఉంది. అంటే సరుకుదీ తప్పు కాదు, బట్టీవాళ్ళదీ కాదు. తప్పు మా గదిలోనే ఉంది. ఆయన నెమ్మదిగా గాజు జాడీ దగ్గరికి వెళ్ళారు. బిరడా పెట్టి తీసినప్పుడల్లా జాడీ మెడ మీది బొట్టు రాలి, లోపలి అంచంతా ఎర్రటి పొడి అంటుకుని ఉంది. వేలితో తీసి, వెలుగులో పట్టుకుని చూశారు.

"కుంకుమలో ఏముంటాది రాజమ్మా? పసుపు, సున్నం, నిమ్మకాయ రసం. సీసం యాడనుంచి వస్తాది?"

ఆయన మిగిలిన పొట్లంలోంచి చిటికెడు తీసి, ఆమ్లంలో కదిపి, వడగట్టి, సల్ఫైడు చుక్క వేశారు. ఈసారి గోధుమరంగు కాదు. కాటుక. గొట్టం అడుగు కనబడనంత నలుపు. ఆ నలుపు మా నాయన చేతి పొట్లంలోది. మా పేటలో ప్రతి ఆడదాని నుదుటి మీదిది, నా నుదుటి మీదిది. అప్రయత్నంగా నా చేయి నుదుటి మీదికి పోయింది, తుడవలేక ఆగిపోయింది.

ఆయన నన్ను కోప్పడతారనుకున్నాను. ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "ఇన్నేండ్లుగా గేటు లోపలికి వచ్చే ప్రతిదాన్నీ పరీక్ష చేసినా. దేవుని పళ్ళెంలో వచ్చిందాన్ని చేయల్లని తోచలేదు. నా చేత్తో నేనే పెట్టినా బొట్టు" అన్నారు. తర్వాత ఉన్నట్టుండి తల ఎత్తి అడిగారు. "మీ ఇంట్లో ఈ కుంకుమను ఎవరు జల్లిస్తారు?"

"మా వదిన సార్."

"ఆయమ్మ ఆరోగ్యం ఎట్లుండాది?"

 నేను జవాబు చెప్పేలోపే ఆయన ఇంకా అడిగారు. "కడుపునొప్పి ఉండాదా? చేతుల్లో పట్టు తప్పిపోతా ఉండాదా?" అవి మా ఇంట్లో తిట్లు. ఈయనకెలా తెలిశాయి? ఏడుస్తూనే అన్నీ చెప్పాను, హొసకోట వాళ్ళు మరునాడే వస్తున్నారన్న సంగతితో సహా. ప్రింటింగు ప్రెస్సుల్లో సీసం అక్షరాలు పేర్చేవాళ్ళను తాను చూశానని, వాళ్ళ చేతులు ఇలాగే పడిపోతాయని, ఆడవాళ్ళకైతే కడుపు కూడా నిలవదని ఆయన చెప్పారు. పని వేళలో గది దాటి ఎరగని మనిషి, గొట్టాలను పంచె ముక్కల్లో చుట్టి, దాచిన నీళ్ళు, ఆమ్లం, సల్ఫైడు సీసాలతో పాటు సంచిలో పెట్టుకుని, "నడువమ్మా, జట్కా పిలుస్తా" అన్నారు.

మేము వెళ్ళేసరికి నాయన అంగట్లో ఉన్నాడు, అమ్మ మరునాడు వచ్చే చుట్టాల కోసం ముంగిట్లో ముగ్గు పెడుతోంది. గోవిందప్ప గారు వచ్చిన పని చెప్పగానే నాయన ముఖం ఎర్రబడింది. "కల్తీనా? నా అంగట్లోనా? మా తాత కాలం నుంచి ఉండే అంగడప్పా ఇది."

"కల్తీ అనలేదు స్వామీ. పసుపు సున్నం కాక ఇంకేమి కలుపుతారు, అది చెప్పండి."

"రంగుకు స్వల్ప సిందూరం. అంతే కదప్పా! యుద్ధం వచ్చినాక మంచి పసుపు యాడ దొరుకుతా ఉండాది? ఉండేది చూస్తే మట్టి రంగు. సిందూరం వేస్తే కళ వస్తాది. ఆంజనేయస్వామి ఒళ్ళంతా పూసేది అదే సిందూరం. స్వామికి పూసేదాంట్లో దోషమేముండాది?"

నాయన నిజంగానే అడిగాడు. ఆయన గొంతులో దొంగతనం లేదు. దేవుడి ఒంటి మీది వస్తువు వేసి తన కుంకుమను ఇంకా పవిత్రం చేశాననే అనుకున్నాడు. ఆ సిందూరం సీసాన్ని కాల్చి చేసిన పొడి అని, పైపులు బిగించేవాళ్ళు మరలకు పూసేదీ అదేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాలేజీలో దాని రసాయన సూత్రం కంఠస్థం చేసిన నేను, అదే ఇంట్లో ఉంటూ, వసారాలోని సిందూరం డబ్బాలో ఏముందని ఎన్నడూ మూత తీసి చూడలేదు.

గోవిందప్ప గారు అంగడి అరుగు మీద గొట్టాలు నిలబెట్టారు. అమ్మ వచ్చింది, అన్న వచ్చాడు, వదిన తలుపు చాటున నిలబడింది, పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు చేరారు. ముందు ఖాళీ గొట్టం చేసి చూపించారు. "చూడండమ్మా, నా నీళ్ళలో ఏమీ లేదు, నా మందులో ఏమీ లేదు." తెల్లగానే ఉంది. తర్వాత కె.ఆర్.పురం నుంచి వదిన వాళ్ళమ్మ పంపిన, ఇంట్లో పసుపుతో చేసుకున్న కుంకుమ వదిన పెట్టెలో ఉంటే తెప్పించి చేశారు. అదీ నల్లబడలేదు. ఆఖర్న మా అంగడి డబ్బాలోది. కంపు గుప్పుమంది. చుక్క పడగానే కాటుక దిగినట్టు నలుపు దిగింది. 

"రాజమ్మా, మీ వదిన చిగుళ్ళు చూడమ్మా. పండ్ల మొదట్లో నల్లగా గీత ఉండాదేమో" అన్నారాయన, తాను అటు తిరిగి నిలబడి.

వదిన భయపడుతూ పెదవి ఎత్తింది. పళ్ళ మొదట్లో నీలంగా, నల్లగా, సన్నగా గీసినట్టు గీత. ఉంది అన్నాను.  ఆ ముఖాన్ని నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

గోవిందప్ప గారు అమ్మతో చాలా మర్యాదగా, విడమరిచి చెప్పారు. ఈ పొడి ఊపిరితో, అన్నంతో లోపలికి పోయి నరాలను పట్టుకుంటుందని, చేతులు పట్టు తప్పేది దానివల్లనేనని, కడుపులో పిండాన్ని నిలవనివ్వనిదీ ఇదేనని. "ఆ బిడ్డ జాతకంలో ఏమీ లేదమ్మా. మీరు కూర్చోబెట్టిన తావులో ఉండాది" అన్నారు. అన్న గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నాయన డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు వదిన తలుపు చాటునుంచి బయటికొచ్చింది. పరాయి మగవాళ్ళ ముందు నిలబడి మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు. ఎన్నిసార్లు కడుపు పోయినా ఏడవని మనిషి, ఇప్పుడూ ఏడవలేదు. చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు మా అమ్మతో అంది.

"అత్తా, నాది కాదంట."

అమ్మ ఆమె వంక చూసింది. గొట్టం వంక చూసింది. ఎదురుగా కట్టుకున్న మొగుడు నిక్షేపంలా నిలబడి ఉండగా, పండగ వెళ్ళి రెండు రోజులన్నా కాకుండా, నలుగురు ముత్తైదువలు చూస్తుండగా, కొంగుతో తన నుదుటి మీది కుంకుమ బొట్టు బరబరా తుడిచేసుకుంది. పక్కింటి ఆమె "అయ్యో అయ్యో లక్షణంగా ఉండే ఇంట్లో" అని గుండె బాదుకుంది. నాయన రెండడుగులు వెనక్కి వేశాడు. భర్త ఉన్న ఆడది ఆ పని చేయడమంటే మా పేటలో శవం లేచినంత పని.  అమ్మ ఎవరినీ లెక్కచేయలేదు. అదే కొంగుతో వదిన నుదురు కూడా తుడిచి, రెండు చేతుల్లోని ఎరుపును పదేపదే తుడవడం మొదలుపెట్టింది. అది పోయే రంగు కాదు. ఆమె తుడుస్తూనే ఉంది.

హొసకోట వాళ్ళకు రావద్దని మనిషిని పంపారు. నాయన ఆ సిందూరాన్ని ఊరి బయట గోతిలో పూడ్పించి, ఉత్త పసుపుతో చేసిన కుంకుమే అమ్మాడు. రంగు తక్కువని సగం మంది బేరం మానుకున్నారు. వదిన మళ్ళీ జల్లెడ ముట్టలేదు. ఏడాది తిరిగేసరికి చేతుల్లో కొంత పట్టు వచ్చింది, ముఖంలో రంగు వచ్చింది. బిడ్డ మాత్రం కలగలేదు. అన్న రెండో పెళ్ళి ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ బతికినన్నాళ్ళూ వదినకు తన చేత్తోనే అన్నం పెట్టింది. గిన్నెలు ఎప్పుడైనా జారితే తానే వంగి తీసేది. నేను ఆ గదిలోనే పనిచేసి, గోవిందప్ప గారి తర్వాత ఆయన కుర్చీలో కూర్చుని, జుట్టు నెరిశాక బయటికొచ్చాను. నా కింద పనికి చేరిన పిల్లలందరి చేతా విసుగుపుట్టేదాకా ఖాళీ గొట్టాలు చేయించాను. ముసలిదానికి పని లేదని వాళ్ళూ ఇళ్ళకు పోయి ఏడ్చే ఉంటారు. ఏ ఇంట్లోనైనా ఫలానా కోడలికి అచ్చిరాలేదు, ఫలానా పిల్ల అడుగు మంచిది కాదు అని వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమెకు ఏం తినబెడుతున్నారు, ఎక్కడ కూర్చోబెడుతున్నారు అని మొహమాటం లేకుండా అడుగుతాను. కొందరు నాతో మాటలు మానేశారు. మానుకోనీ.

కానీ నేను మోస్తున్నది అదొక్కటే కాదు. ఆ సాయంత్రం గోవిందప్ప గారిని సాగనంపడానికి జట్కాల దాకా నడిచాను. ఆయన సంచి గుండెలకు హత్తుకుని నడుస్తున్నారు. నా లోపల ఒక్క ప్రశ్న తొలిచేస్తోంది.

"సార్, ఆ బొట్టు మీరు జాడీ మెడకు కాకుండా పక్కన గోడకు పెట్టి ఉంటే? ఆ పొడి మన నీళ్ళలో పడకపోయుంటే?"

ఆయన ఆగారు. అబద్ధమైనా ఏదో ఒక ఓదార్పు మాట చెబుతారని ఎదురుచూశాను. ఆయన నాకేసి చూడలేదు.

"తెలిసేది కాదమ్మా" అన్నారు. "రేపు వాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ బిడ్డ పోయేది. ఆమె తావులో ఇంకొక బిడ్డ వచ్చి కూర్చునేది, అదే జల్లెడ పట్టుకుని."

జట్కా ఎక్కి వెళ్ళిపోయారు. ఆ ఇంకొక బిడ్డ ఎవరో, హొసకోటలో ఆమె పేరేమిటో నేనెన్నడూ తెలుసుకోలేదు. ఎక్కడో ఇంకో ఇంట్లో కాపురం చేసి, పిల్లల్ని కని, ఒక బొట్టు రాలడం వల్ల తాను బతికిపోయానని తెలియకుండానే ముసలిదై ఉంటుంది. ఆమె గురించి తలచుకోని రోజు లేదు.